బావ తిప్పిన నీలం

మా బావ ఎవరింటికి వెళ్ళినా ముందు మనుషుల్ని పలకరించడు, టీవీని పలకరిస్తాడు. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే లోపలికి తొంగి చూసి, "ఏంటండీ ఆ బొమ్మ, కామెర్లొచ్చినట్టుంది" అంటాడు. ఒకసారి మా పెదనాన్నని ఆసుపత్రిలో చేరిస్తే చూడటానికి వచ్చి, వార్డులో స్టూలెక్కి టీవీ సరిచేస్తూ నర్సమ్మ చేత చీవాట్లు తిన్నాడు. "అల్లుడూ, దిగాక నన్ను కూడా ఒకసారి చూసి వెళ్ళు" అన్నాడు పెదనాన్న మంచం మీంచి.

ఆయన మా అక్క మొగుడు. నేను ఆయనకి ఒక్కగానొక్క బావమరిదిని, కాబట్టి ఆయన్ని ఏమైనా అనే హక్కు నాకు అక్క పెళ్ళితోనే వచ్చేసింది. ఆ హక్కుని నేనెప్పుడూ వృథా చేసుకోలేదు. నాది చెప్పుల షాపులో సేల్స్‌మన్ ఉద్యోగం, పొద్దస్తమానం జనం కాళ్ళు చూస్తూ కూర్చుంటాను. బావకి మాత్రం ఈ ప్రపంచంలో నమ్మదగినవి తన రెండు కళ్ళే. వాటిని అంతలా నమ్ముకున్నందుకు ఆ మనిషి పడ్డ సిగ్గు ఇంతా అంతా కాదు.

తాళంచెవులు చేసేవాడి కొట్టుకీ జిరాక్స్ షాపుకీ మధ్య ఇరుక్కున్న ఒక్క గది ఆయన షాపు. లోపల గోడ పొడుగునా డబ్బా టీవీలు ఒకదాని మీద ఒకటి, వాటి ముందు పాత వీడియో గేములు, బీరువా నిండా క్యాసెట్లు. కొత్త టీవీలు బాగుచెయ్యడం ఆయన ఎప్పుడో మానేశాడు. చిన్నప్పుడు ఆడుకున్న గేము అటక మీంచి దింపుకుని, దాన్ని ఇప్పటి పెద్ద టీవీకి తగిలించి, "ఇదేంటి, ఇంత మసకగా ఉంది? అప్పట్లో ఎంత బాగుండేది!" అని దిగాలు పడేవాళ్ళు ఉంటారు చూడండి, వాళ్ళే ఆయన కస్టమర్లు. పొట్టలొచ్చి, జుట్టు పల్చబడిన మగవాళ్ళు, ఒకరిద్దరు ఆడవాళ్ళు, తమ్ముణ్ణి బడికి తీసుకొచ్చినట్టు ఆ పెట్టెల్ని చంకనెట్టుకుని వస్తారు. వాళ్ళకి ఆయన బొమ్మ మాస్టారు.

వచ్చినవాళ్ళందరికీ మొదటి పాఠం ఒకటే. గేముతో పాటు వచ్చే పసుపు పిన్ను వైరుని ఎలక తోక పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పైకెత్తి చూపిస్తాడు.

"ఇదిగో, మీ శత్రువు. లోపల మూడు రంగులూ దేనికది శుభ్రంగా తయారవుతాయండీ. ఈ మహానుభావుడు మూడింటినీ ఒకే గొట్టంలో పోసి కలిపేసి పంపిస్తాడు. అవతల టీవీ వాటిని మళ్ళీ విడదీసుకోవాలి. పాలూ నీళ్ళూ కలిపేశాక విడదీయమంటే ఎవడి తరం? అందుకే మీకు అంచులన్నీ అలుక్కుపోయి కనిపిస్తాయి."

ఆ పైన ఆయన చేసేదేంటంటే, పెట్టె విప్పి ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్ని కలవకముందే వేరువేరు వైర్లలో బయటికి తీస్తాడు. ఆ వైర్లని అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దదైన ఒక డబ్బీలోకి పంపిస్తాడు. అది వాటిని టీవీకి అర్థమయ్యేలా మార్చి అందిస్తుంది. డబ్బీలో రంగుకొకటి చొప్పున చిన్న చిన్న స్క్రూలుంటాయి. తిప్పితే ఆ రంగు పెరుగుతుంది, వెనక్కి తిప్పితే తగ్గుతుంది. వాటిని ఎంత తిప్పాలన్నది మీటరు చెప్పదు, కంటితో చూసి తేల్చుకోవలసిందే. అక్కడే ఉంది బావ గొప్పంతా. బొమ్మ ముందు ముక్కాలిపీట వేసుకుని, ఊపిరి బిగబట్టి, స్క్రూని వెంట్రుకవాసి అటూ ఇటూ కదుపుతూ ఉంటే, షాపులో దగ్గడానికి కూడా జనం మొహమాటపడేవాళ్ళు.

తేల్చాక స్క్రూల నెత్తిన తలా ఒక చుక్క ఎర్ర నెయిల్ పాలిష్ వేస్తాడు. ఆరిందంటే స్క్రూ ఇక కదలదు, ఎవరైనా కదిపితే చుక్క పగిలి తెలిసిపోతుంది. ఆ చుక్క పడిందంటే పని అయిపోయినట్టు. దాని మీద ఇక ఎవరూ మాట్లాడకూడదు.

మరి మా అక్క? ఆ డబ్బీలన్నీ అతికేది అక్కే. టేబుల్ లైటు కింద తల వంచుకుని, వెంట్రుకంత వైర్లని టంకంతో అంటిస్తూ ఉంటుంది. బావ చుక్క వేసి ఇచ్చాక పెట్టెని మళ్ళీ ఒకసారి ఆడించి చూసి, దుమ్ము తుడిచి, అట్టపెట్టెలో సర్ది, కస్టమరు చేతికిస్తుంది. పొగడ్తలన్నీ ముక్కాలిపీట దగ్గరే ఆగిపోయేవి. టేబుల్ లైటు దాకా వచ్చేవి కావు. అక్క కూడా వాటికోసం చూసినట్టు నాకెప్పుడూ అనిపించలేదు.

కొన్నాళ్ళకి బావకి ప్రపంచం మీద కోపం మొదలైంది. టీవీలన్నీ పాలిపోతున్నాయనేవాడు. ట్యూబ్‌లైట్లు తయారుచేసేవాళ్ళు మోసం చేస్తున్నారనేవాడు. తెలుపు తెల్లగా ఉండటంలేదని, అంతా పాత కాగితంలా పసుపుపచ్చగా చస్తోందని విసుక్కునేవాడు. షాపులో లైట్లు మార్చాడు, గోడలకి సున్నం వేయించాడు, సున్నం వేసినవాడితో తగువు పెట్టుకున్నాడు. "తెల్ల సున్నం వెయ్యమంటే గంధం పూశావేంట్రా!" అని ఆయన అరుస్తుంటే, వాడు గోడ వైపూ మా వైపూ చూసి నోరెళ్ళబెట్టాడు. నేను ఎప్పట్లాగే ఆటపట్టించాను. మనిషికి చాదస్తం ముదిరిందనే అనుకున్నాంగానీ, లోపం కంట్లో ఉందని ఎవరికి తడుతుంది?

ఆ రోజు శనివారం, షాపు కిటకిటలాడుతోంది. మా వీధి చివర పళ్ళ డాక్టరు తన పెట్టె కోసం వచ్చి నిలబడి ఉన్నాడు. ఆయన క్లినిక్‌లో పిల్లలు భయపడి ఏడవకుండా వెయిటింగ్ రూములో పాత గేము పెట్టించుకుంటున్నాడు. తెర మీద మంచుకొండలు, వాటి మీద జారుకుంటూ పోయే చిన్న మనిషి. బావ నీలం స్క్రూ తిప్పి, కాస్త ఆగి, ఇంకాస్త తిప్పి, "ఆఁ, ఇప్పుడు తెలుపంటే తెలుపు" అన్నాడు. చుక్క వెయ్యడానికి సీసా మూత తీశాడు.

అక్క టేబుల్ దగ్గర్నుంచి తలెత్తి చూసి, మెల్లిగా అంది. "ఏమండీ, నీలం కాస్త ఎక్కువైందేమో చూడండి. మంచు మొత్తం నీలిమందు పోసినట్టుంది."

బావ సీసా పక్కన పెట్టాడు. పీట మీంచి ఇటు తిరిగాడు. "నీ పని వైర్లు అతకడం. చూడ్డం నా పని. నాకు రంగులు నేర్పుతావా నువ్వు? రంగుల సంగతి తెలిసినదానివైతే ఆ చీర కట్టుకుని షాపుకి వస్తావా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. దాంతో అందరూ నవ్వారు. పళ్ళ డాక్టరు కూడా మర్యాదకి నవ్వి, ఆ తర్వాత ఎటు చూడాలో తెలియక క్యాసెట్ల బీరువా చూశాడు. ఆ చీర బావ తనే కొనుక్కొచ్చి ఇచ్చింది. ఆ సంగతి అక్కకి తెలుసు, నాకూ తెలుసు. ఆయనకే గుర్తులేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి ఏదో అనబోతే అక్క కళ్ళతోనే వద్దంది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. తల వంచుకుని వైరు పనిలో పడింది. ఆ తర్వాత ఆమె నోట రంగు మాట మళ్ళీ రాలేదు.

బావ కళ్ళ గుట్టు చివరికి ఆయన వేళ్ళే బయటపెట్టాయి. టంకం పెట్టే వేడి కాడ ఎక్కడుందో కంటికి ఆనక వేలు కాల్చుకున్నాడు, మర్నాడు మళ్ళీ అదే వేలు కాల్చుకున్నాడు. అక్క ఇక ఆయన మాట వినకుండా కంటి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. రెండు కళ్ళలోనూ శుక్లాలు, బాగా ముదిరి పసుపెక్కిపోయి ఉన్నాయన్నాడు డాక్టరు. ముందు కుడికంటికి ఆపరేషన్ చేద్దాం, అది కుదుటపడ్డాక ఎడమది అన్నాడు.

కట్టు విప్పిన రోజు నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. బావ కుర్చీలో కూర్చుని గది నాలుగు మూలలా చూశాడు. గోడ చూసి, "ఎప్పుడు వేయించావు సున్నం?" అన్నాడు. "వేయించలేదండీ, అదే గోడ" అంది అక్క. చిన్నపిల్లాడిలా తన చొక్కా చూసుకున్నాడు, అన్నం గిన్నె చూశాడు, మా అక్క మొహం చాలాసేపు చూశాడు. నవ్వాడు కూడా. ఆ తర్వాత ఎవరూ అడక్కుండానే లేచి టీవీ పెట్టాడు, దానికి తగిలించి ఉన్న పాత గేము మీట నొక్కాడు. అది ఆయన తన కోసం తన చేత్తో సరిచేసుకున్న పెట్టె.

మీట మీంచి చెయ్యి తీసి తెర దగ్గరికి వెళ్ళాడు.

తెర మీద మబ్బులు నీలంగా ఉన్నాయి, రాజుగారి గడ్డం నీలంగా ఉంది, మనుషుల మొహాలు చలికి బిగుసుకుపోయినట్టు నీలంగా ఉన్నాయి. బావ కుడికన్ను చేత్తో మూసుకుని ఎడమకంటితో చూశాడు. ఎడమది మూసుకుని కుడికంటితో చూశాడు. అలా మార్చి మార్చి చూస్తూనే ఉన్నాడు. పాత కంటికి అంతా సరిగ్గానే ఉంది, కొత్త కంటికి అంతా తప్పు.

"ఇదెవరు తిప్పారు?" అన్నాడు.

"మీరే" అంది అక్క.

ఆ పూట ఆయన అన్నం ముట్టుకోలేదు. మర్నాడు షాపు తియ్యలేదు. గోడ వైపు తిరిగి పడుకుని, "ఎన్ని పెట్టెలు వెళ్ళాయిరా అలా బయటికి? వాళ్ళంతా చూసి నవ్వుకుని ఉంటారు. బొమ్మ మాస్టారట, బొమ్మ! మొహం ఎలా చూపించను రా?" అన్నాడు. నాకు ఆయన్ని చూస్తే మొదటిసారి జాలేసింది. ఆటపట్టిద్దామంటే నోరు రాలేదు. ఆ మనిషికి ఆస్తిపాస్తులేం లేవు, ఉన్నదల్లా ఆ పేరే. అది పోయిందంటే ఆయన దగ్గర మిగిలేది ఒక స్క్రూడ్రైవరు.

నాలుగు రోజులు అలా పడుకుని లేచి, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, సంచీలో సామాను సర్దుకున్నాడు. "నీ స్కూటర్ తియ్యి. ఇల్లిల్లూ తిరిగి అన్నీ సరిచేసి వద్దాం."

"దుమ్ములో తిరగొద్దన్నారు డాక్టరుగారు" అంది అక్క.

"కన్ను పోతే పోనీ, పరువు పోయాక కన్నెందుకు?"

"ఎవరూ ఏమీ అనలేదు కదండీ. ఒక్కరైనా పెట్టె వెనక్కి తెచ్చారా? ఊరుకోకూడదూ?"

అక్క ఆ మాట రెండు మూడు రకాలుగా చెప్పి చూసింది. ఆయన్ని ఓదారుస్తోందనే అనుకున్నాం ఇద్దరం. ఆమె గుమ్మంలో నిలబడి చీరకొంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉండగా మేం బయల్దేరాం.

మొదట ఒక దర్జీ ఇంటికి వెళ్ళాం. ఫ్రీ సర్వీసు అని అబద్ధమాడాడు బావ. దర్జీ తెగ సంబరపడిపోయి గేము పెట్టాడు. బావ తల పక్కకి తిప్పుకున్నాడు, నేరుగా చూసే ధైర్యం లేక. తర్వాత మెల్లిగా చూశాడు. నల్లకళ్ళద్దాలు తీసి మళ్ళీ చూశాడు.

బొమ్మ బ్రహ్మాండంగా ఉంది. మబ్బు తెల్లగా ఉంది, గడ్డి పచ్చగా ఉంది, అంచులు కత్తిరించి పెట్టినట్టున్నాయి. నాలాంటివాడికే తేడా తెలిసిందంటే చూసుకోండి.

బావకి ఆనందం రావలసింది పోయి అనుమానం వచ్చింది. డబ్బీ మూత విప్పాడు. నీలం స్క్రూ మీద ఆయన వేసిన ఎర్రచుక్క నిలువునా పగిలి ఉంది. దాని మీద ఇంకో చుక్క ఉంది, లేత గులాబీ రంగుది.

"ఎవరు ముట్టుకున్నారు దీన్ని?" అన్నాడు దర్జీతో, ఇందాకటి సర్వీసు మర్యాదంతా ఎగిరిపోయి.

"నేనా? అమ్మో! నా చెయ్యి బట్టమీదైతే ఆడుతుందిగానీ, మీ పెట్టె మీద దేనికి పెడతాను మాస్టారూ? మీ ఆవిడగారు సర్ది ఇచ్చినప్పటి నుంచీ మూత కూడా విప్పలేదు. అందరికీ చూపించుకుంటున్నాను, మాస్టారి చేతి బొమ్మ అని."

బావ డబ్బీ మూత మళ్ళీ బిగించి లేచాడు.

పళ్ళ డాక్టరు క్లినిక్‌లోనూ అదే తంతు. వెయిటింగ్ రూములో దవడ వాచిన పెద్దాయన ఒకాయన, నొప్పి మర్చిపోయి, మంచుకొండల మీద చిన్న మనిషిని జారిస్తున్నాడు. మంచు మంచులా ఉంది. బావ నేలమీద మోకాళ్ళ మీద కూర్చుని డబ్బీ విప్పాడు. పగిలిన ఎరుపు, దానిపైన గులాబీ. "మీది మామూలు కన్ను కాదండీ మాస్టారూ" అన్నాడు డాక్టరు వెనకనుంచి. బావ వెనక్కి తిరక్కుండానే డబ్బీ మూత బిగించాడు.

బయటికొచ్చి స్కూటర్ దగ్గర నిలబడ్డాం. ఆయన ఎక్కడు, నన్ను ఎక్కనివ్వడు.

"ఒరేయ్, మీ అక్క గోళ్ళకి ఏ రంగు వేసుకుంటుందిరా?"

మనిషి అంత సీరియస్‌గా అడిగితే నవ్వొచ్చింది. "అది మొగుడివై ఉండి నువ్వు నన్ను అడగాల్సిన మాటేనా బావా? చేతులకి వేసుకోదు, టంకం పని కదా. కాళ్ళకి వేసుకుంటుంది. లేత గులాబీ. కాళ్ళ సంగతి నాకు తెలియకపోతే ఇంకెవరికి..."

నా నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. అప్పుడు వెలిగింది నాకు.

బావ అక్కడే ఫుట్‌పాత్ అంచున చతికిలబడ్డాడు. అటుగా వెళ్ళేవాళ్ళు చూస్తున్నా ఆయనకి పట్టలేదు. ఇన్నాళ్ళూ ఊరంతా తనని చూసి నవ్వుకుంటోందని కుమిలిపోయాడు. అది చాలా చిన్న సిగ్గని ఇప్పుడు తెలిసింది. తను పదిమందిలో నోరు మూయించిన మనిషి, ఆ రోజునుంచీ, తను చుక్క వేసిన ప్రతి పెట్టెనీ మళ్ళీ విప్పి, నీలం తగ్గించి, తన గోళ్ళరంగు సీసాలోంచి చుక్క వేసి, బావ పేరుతోనే బయటికి పంపించింది.

"ఏమన్నాన్రా ఆ రోజు దాన్ని? చీర గురించి ఏమన్నాను?" అన్నాడు.

నేను చెప్పాను. ఆ చీర ఎవరు కొన్నారో కూడా చెప్పాను. మెత్తగా చెప్పి ఉండవచ్చు, కానీ నాకు ఆనాటి కోపం ఇంకా మిగిలే ఉంది. ఆయన రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆపరేషన్ చేసిన కంటిని నలపకూడదని నేనే ఆ చెయ్యి పట్టుకుని లాగవలసి వచ్చింది.

ఇంటికెళ్ళేసరికి అక్క వంటింట్లో బీన్స్ తుంచుతోంది. బావ గుమ్మం దాటి లోపలికి వెళ్ళలేక అక్కడే నిలబడ్డాడు. మా ఇద్దరి మొహాలూ చూసి అక్కకి అర్థమైపోయింది. చేతిలో పని మాత్రం ఆపలేదు.

"తప్పైపోయింది" అన్నాడు బావ.

"ఏది?"

"ఆ రోజు నిన్ను అన్నది."

"ఎక్కడన్నారు?"

"షాపులో."

"మరి ఇక్కడ చెప్తున్నారేంటి?"

 "నాకు చెప్పి ఉండొచ్చుగా" అని గొణిగాడు బావ.

"చెప్పాను. ఒకసారి." గిన్నె దగ్గరికి లాక్కుంది. "బయటికి వెళ్ళే పెట్టె మీద ఉండేది మీ పేరు. అది పాడవుతుంటే చూస్తూ ఊరుకోలేను. మళ్ళీ నోరు తెరిచి అందరిలో మాట పడనూలేను. ఇంట్లోది మారిస్తే మీకు తెలిసిపోతుందని ముట్టుకోలేదు. రోజూ ఆ నీలం మొహాలే చూశాను."

 అక్క అరిచి ఉంటే బావకి కాస్త తేలికయ్యేది. భోజనానికి పిలిచింది, కొసరి కొసరి వడ్డించింది, కంట్లో చుక్కల మందు వేసింది. ఆయన తలెత్తి ఆమె మొహం చూడలేక, మందు వేస్తున్నప్పుడు కూడా కళ్ళు మూసుకుంటానని మారాం చేశాడు.

శనివారం షాపు తెరిచారు. చాలా రోజులు మూసి ఉండటం వల్ల జనం ఎక్కువగానే వచ్చారు. నేను మా చెప్పుల షాపులో సెలవు పెట్టి మరీ వెళ్ళాను. బావ ముక్కాలిపీట మీద కూర్చున్నాడు గానీ స్క్రూడ్రైవరు పట్టుకోలేదు. వచ్చినవాళ్ళు కన్ను ఎలా ఉందని అడుగుతుంటే జవాబు చెబుతూ, మధ్యమధ్య గొంతు సవరించుకుంటున్నాడు. మాట గొంతుదాకా వస్తోంది, మళ్ళీ కిందికి పోతోంది. నాకు కనిపిస్తూనే ఉంది.

అంతలో ఒకాయన తన పెట్టె తీసుకుని వెళ్తూ, "మాస్టారూ, మా తమ్ముడికి కూడా ఒకటి చేసిపెట్టాలి. ఈ చేతికి తిరుగులేదు" అన్నాడు. బావ అలవాటుగా తలూపాడు. అలవాటుగా నవ్వాడు కూడా. కస్టమరు వెళ్ళిపోయాడు. అక్క తల వంచుకునే ఉంది, వైరు అతుకుతూ. బావ ఆమె వైపు చూసి, తను నవ్విన నవ్వు అప్పుడు గుర్తొచ్చినట్టు ఉలిక్కిపడ్డాడు. పీట తన్నుకుని లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తాడు.

కాసేపటికి రొప్పుకుంటూ వచ్చాడు. పాదాలకి దుమ్ము, మొహాన చెమట.

"చెప్పేశాను" అన్నాడు అక్కతో, మెల్లిగా.

"ఎవరికి?"

"ఆయనకే. బస్టాపులో పట్టుకున్నాను. నీ చేతి పనే అని చెప్పేశాను."

"నాకు వినపడలేదు" అంది అక్క.

షాపులో అందరూ వాళ్ళ వైపే చూస్తున్నారు. పళ్ళ డాక్టరు కూడా వచ్చి ఉన్నాడు, రెండో గదిలోకి ఇంకో పెట్టె కావాలని. బావ జనం వైపు తిరిగాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు, బళ్ళో తప్పుచేసి నిలబడ్డ పిల్లాడిలా.

"మీ అందరికీ ఒక మాట చెప్పాలి. మీ ఇళ్ళలో బొమ్మ బాగుందంటే అది నా చేతిది కాదు. నేను నీలం పెంచేసి పాడుచేసి ఇస్తుంటే, ఈవిడ నాకు తెలియకుండా సరిచేసి మీకిచ్చింది. ఇక్కడే ఒకరోజు, మీలో కొందరు ఉన్నారు కూడా, ఈవిడ ఆ మాటే నాకు చెప్పింది. నేను... చీర పేరు పెట్టి ఎగతాళి చేశాను. మీరు నవ్వారు. మీ తప్పు లేదు, నవ్వించింది నేను."  అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ అంతమంది ముందు అలా నిలబడటం ఆయన వల్ల కాలేదు. ఏదో ఒకటి పట్టుకుని నిలదొక్కుకోవాలనిపించినట్టుంది. "ఏం చెయ్యను, శుక్లాలు కదండీ. నా కళ్ళు నాకు అబద్ధం చెప్పాయి. కళ్ళు సరిగ్గా ఉంటే అలా అనేవాణ్ణే కాదు."

పళ్ళ డాక్టరు తలదించుకున్నాడు. 

అక్క వేడి కాడని దాని స్టాండులో పెట్టింది. టేబుల్ లైటు పక్కకి తిప్పి, మొదటిసారి తలెత్తి ఆయన్ని సూటిగా చూసింది.

"రంగు చూడ్డానికి కళ్ళు కావాలి, నిజమే. నేను చెప్పిన మాట వినడానికి కళ్ళెందుకండీ?"